పదిహేడు చోట్ల

ఏప్రిల్ ఇరవై మూడు. హన్మకొండ.
ఫ్యాను తిరుగుతనే ఉంటది, గాలి రాదు.
ఉపవాచకాలు వాపసు తీసుకుంటున్న.
నలభై రెండు పంచితే ముప్పై తొమ్మిది వచ్చినయ్.
అట్టలు ఊడినయ్. ఒకదాంట్ల చింతగింజ,
ఒకదాంట్ల ఎవరిదో పాస్‌పోర్టు ఫోటో.
రాతలు రబ్బరుతోని తుడిచి బీరువాల పెట్టాలె,
జూన్ల వేరే పిల్లలకు ఇయ్యాలె.

ఈసం రజిత పుస్తకం తెరిచిన.

నాలుగో అధ్యాయం నాకు నోటికొస్తది:
పట్నం పిలగాడు అడవిల తప్పిపోతడు,
కార్తీక పున్నమి, ఇప్పపూలు జలజల రాలుతయ్,
తలల ఈకలు చెక్కుకున్న అడవిపిల్ల వచ్చి
ఆకుదొన్నెల తేనె పోస్తది, దారి చూపుతది,
ఆరో అధ్యాయంల పాము కరిచి చచ్చిపోతది.
పిలగాడు ఏడుస్తడు. పెద్దోడైతడు.
ప్రశ్న: అడవిపిల్ల త్యాగగుణాన్ని వివరించండి.
అయిదు మార్కులు.

ఆ పాఠం చెప్పిననాడు నేనే అడిగిన,
నలభై ఒక్క తలకాయలు అటు తిరిగేటట్టు:
"రజితా, మీది తాడ్వాయి దిక్కే గద,
మీ ఆట ఒకటి ఆడి చూపియ్యి బిడ్డా."
ప్రేమగనే అడిగిన. గదే ఇప్పటికీ గుచ్చుతది.
ఆ పిల్ల లేచి నిలబడి
"నాకు రాదు మేడం,
మూడో తరగతి కాంచి హాస్టల్లనే ఉన్న" అన్నది.
ఎవరో కిసుక్కుమన్నరు.
తరువాతి పేరా చదువుమన్న.

తరువాతి పేరాల కాపలాదారు మల్లిగాడు ఉంటడు.
పుస్తకం మొత్తంల మన మాట మాట్లాడేది వాడొక్కడే.
"నేన్ దొంగతనం జెయ్యలే దొరా" అంటడు,
చేసినట్టే రాసి ఉంటది.
క్లాసంత పడి పడి నవ్వింది,
ఇంటికి పోయి ఆ మాటలతోనే అమ్మను అన్నమడిగే పిల్లలు.
నర్సంపేటల పుట్టిన నేను
ఆ గొంతు పెట్టి ఇంకోసారి చదివిన,
నవ్వు ఇంకింత రావాలని.
నవ్వంది ఒక్కతే. చూడనట్టు చేసిన.

ఇగ పెన్సిలు రాతలు.
సన్నగ, గీతకు ఆనించి, పేపరు దిద్దినట్టు.
ఇప్పపూల కాడ:
"కార్తీకంల రాలయి. ఎండకాలం, తెల్లారగట్ల రాలుతయ్.
జలజల కాదు, టప్పు టప్పు."
ఈకల కాడ: "ఏ పిట్టవి?"
తేనె కాడ: "మా బాపుకు తేనెటీగలంటే భయం.
కరెంటు స్తంభం ఎక్కుతడు, చెట్టు ఎక్కడు."
పాము కాడ: "ఒక్కలన్న నూటెనిమిదికి ఫోన్ చెయ్యలే?"
మల్లిగాడి కాడ, రెండుసార్లు గీత గీసి:
"పన్నెండో పేజీల తాళంచెవి
పిలగాని జేబుల ఉండె. మళ్ల చూడాలె."

పన్నెండో పేజీ తిప్పిన.
ఉన్నది.
పదకొండేండ్లు చెప్పిన ఈ పాఠం.

ఇంకోటి. అడవిపిల్లకు పుస్తకంల పేరు లేదు.
గా మాట పదిహేడు చోట్ల ఉంటది,
పదిహేడు చోట్ల కొట్టేసి పైన రాసింది: ముత్తక్క.
మొదటి దాని పక్కన:
"మా మేనత్త పేరు. అడిగే పెట్టిన. సరే అన్నది."
ఆఖరుది అయిదు మార్కుల ప్రశ్నల.
కింద జవాబు, ఒకటే లైను:
"ముత్తక్క త్యాగం చెయ్యలే. దారి అడిగితే చెప్పింది."

పరీక్షల మాత్రం పేజీన్నర రాసింది,
నేను చెప్పిన నోట్సే, పొల్లు పోకుండ.
నాలుగున్నర వేసిన.

రబ్బరు చేతిలనే ఉన్నది.
అటెండరు కొమురమ్మ బీరువా తాళాలు ఆడిస్తున్నది,
"ఐపోయిందా మేడం, బస్సు పోతది."
పెన్సిలు దేవులాడిన.
'మల్లిగాడు'ల 'గాడు' కొట్టేసి 'మల్లయ్య' చేసిన,
ఒక్క చోటనే, చెయ్యి అలవాటు లేక వంకరగ.
పుస్తకం కట్ట నడుమ దోపిన.
మిగిలినవి ఎన్నున్నయో
జూన్ల ఎవరన్న లెక్కపెడుతరు.